తరతరముల వెదకులాట: కణత్వరణయంత్రములను చక్కబఱచు నొక గణితరీతి

గడచిన వర్షకాలమున నొకనాడు మా తొమ్మిదవ తరగతి బాలురకు సూక్ష్మదర్శనిలో ఉల్లిపొర యందలి కణములను జూపుచుంటిమి. ఆ సాధనమునకు వెలుతురు నందించు చిన్న యద్దమొకటియు, కటకమును పైకిని క్రిందికిని నడపు మరయొకటియు నుండును. ఒక బాలుడు ఆ రెంటిని ఒక్కమాఱుగా త్రిప్పి త్రిప్పి, అంతవఱకు మసకగానైన గనబడుచున్న బొమ్మను గూడ పోగొట్టుకొనెను. "నాయనా, ఒకదానిని మాత్రమే కదపుము. మేలైనచో నట్లే యుంచుము, కీడైనచో మునుపటి చోటికే త్రిప్పుము" అని చెప్పితిమి. వాడట్లు చేసి, బొమ్మను జూచి సంతోషించి, పిమ్మట నిట్లడిగెను: "మాస్టరుగారూ, ఇచ్చట రెండే మరలున్నవి గనుక సరిపోయినది. ఇట్టివి ఇరువది యుండి, ఒకటి త్రిప్పగానే తక్కినవన్నియు చెడునట్లయినచో నేమి చేయవలెను?"

గంట మ్రోగుటచే ఆనాడు మేము సరియైన యుత్తరము చెప్పలేకపోతిమి. ఆ బాలునకును, వానివలె నాలోచించు నితర విద్యార్థులకును, ఇంటివద్ద ఈ సంచికను జదువు తల్లిదండ్రులకును ఆ యుత్తరమును వివరించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇరువది కాదు, కొన్ని వందల మరలను సవరింపవలసిన యంత్రములు నేడు లోకమున గలవు. అవియే కణత్వరణయంత్రములు. ఎలక్ట్రాను, ప్రోటాను మొదలగు నతిసూక్ష్మకణములను, గాలి తీసివేసిన గొట్టములలో విద్యుచ్ఛక్తిచే ముందునకు త్రోయుచు, అయస్కాంతములచే త్రోవ మరలించుచు, కాంతివేగమునకు మిక్కిలి సమీపమైన వేగమునకు దెచ్చుట వీని పని. 1931లో అమెరికాదేశమున బర్క్‌లీ నగరమందు ఎర్నెస్ట్ లారెన్సు, స్టాన్లీ లివింగ్‌స్టను అనువారు నడపిన మొదటి సైక్లోట్రాను వ్యాసము నాలుగున్నర అంగుళములు మాత్రమే. జెనీవా నగరము చెంత భూగర్భమున నిర్మింపబడిన మహాయంత్రము చుట్టుకొలత 27 కిలోమీటర్లు. మన దేశమున ఇండోరు నగరమందలి రాజా రామన్న కేంద్రమున ఇండస్-2 అను యంత్రము గలదు. దాని చుట్టుకొలత సుమారు 172 మీటర్లు. క్యాన్సరు వ్రణములను ఎక్స్‌కిరణములచే మాన్పుటకు పెద్ద ఆసుపత్రులలో నుపయోగించు యంత్రములును ఈ జాతిలోనివే.

వీనిలో నొకదానిని మాత్రము మనము దగ్గఱగా జూతము. కాలిఫోర్నియా రాష్ట్రమున స్టాన్‌ఫర్డ్ విద్యాపీఠము చెంత స్పియర్-3 అను వలయయంత్రము గలదు. దాని చుట్టుకొలత 234 మీటర్లు. అందు ఎలక్ట్రానులు 300 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తితో సెకనుకు సుమారు 12 లక్షల 80 వేల సార్లు చుట్టి వచ్చుచుండును. వేగముగా బోవు ఎలక్ట్రాను వంకరత్రోవ బట్టినపుడు తీక్ష్ణమైన ఎక్స్‌కిరణములను వెలార్చును. ఆ కాంతిని పట్టి శాస్త్రజ్ఞులు ఔషధములయొక్కయు, జీవపదార్థములయొక్కయు అణునిర్మాణమును బరీక్షింతురు. మన దేహమున నుండు జన్యులిపికి నకలు వ్రాయు సూక్ష్మయంత్రము వంటి యొక ప్రోటీను రూపమును దెలిసికొన్నందులకు రోజర్ కోర్న్‌బర్గ్ అను పండితునకు 2006లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆయన పరిశోధనకు స్టాన్‌ఫర్డ్ నందలి యీ కాంతియే తోడ్పడినది. కావున నిట్టి యంత్రమును చక్కగా సవరించుట వట్టి వేడుక కాదు. ధార చక్కగా లేని దినమున, దూరదేశములనుండి తమ వంతుకై వేచియుండి వచ్చిన పరిశోధకుల శ్రమ వ్యర్థమగును.

అయితే సవరించుటలో కష్టమేమి? ఎలక్ట్రానులు వలయములో దారపుపోగువలె గుండ్రముగా నుండవు. రిబ్బను వలె అడ్డముగా వెడల్పై, నిలువున మిక్కిలి పలుచనై యుండును. ఆ ధార నిలువున నెంత పలుచనైన కాంతి యంత తీక్ష్ణమగును. వలయము పొడవున కొన్ని అయస్కాంతములు ధారను వంచును. కొన్ని దానిని దగ్గఱకు జేర్చును. కాని చేర్చు అయస్కాంతమునకు నొక చిత్రమైన గుణము గలదు: అడ్డముగా ధారను దగ్గఱకు జేర్చునది నిలువున విడదీయును, నిలువున జేర్చునది అడ్డముగా విడదీయును. కావున రెండు విధములవానిని ఒకదాని వెనుక నొకటిగా నమర్తురు. మనుష్యులు నిలిపిన యే అయస్కాంతమైనను వెండ్రుకవాసి యైనను ప్రక్కకు నొఱగక మానదు. అట్టి చిన్న చిన్న యొఱుగులన్నియు గూడి రిబ్బనును మెలిబెట్టి మందముగా జేయును. ఈ దోషమును విఱుచుటకు 45 డిగ్రీలు త్రిప్పి నిలిపిన ప్రత్యేకాయస్కాంతములను, అనగా నేటవాలు అయస్కాంతములను, వాడుదురు. స్పియర్-3లో నీ పనికి 13 అయస్కాంతము లుపయోగింపబడినవి. ఒక్కొక్కదానికి ఎంత విద్యుత్ప్రవాహము నీయవలెను? అదియే ప్రశ్న.

విద్యార్థులారా, ఒక లెక్క వేయుడు. ఒక్కొక్క అయస్కాంతమునకు పది మెట్లు మాత్రమే యున్న వనుకొందము. అప్పుడు 13 అయస్కాంతములను అమర్చు విధములు 1 ప్రక్కన 13 సున్నలు, అనగా 10 లక్షల కోట్లు. ఒక్కొక్క విధమును సెకనులో బరీక్షించినను, అన్నియు బూర్తియగుటకు మూడు లక్షల సంవత్సరములకు మించి పట్టును. ఒక్కొక్కదానిని వేఱువేఱుగా సరిచేయుదమన్నచో, మొదటిదానికి మేలైన మెట్టు రెండవదానిని త్రిప్పగానే మేలు గాకపోవును. సూక్ష్మదర్శని వద్ద మేము బాలునకు జెప్పిన యుపాయ మిచ్చట చాలదు. వాని ప్రశ్న సరియైనదే.

ఈ చిక్కును విప్పుటకు గొందఱు పండితులు మన రైతు లెఱిగిన త్రోవయే త్రొక్కిరి. రైతు కోతకు ముందు చేనిలో దిరిగి, గింజ నిండుగా బట్టిన వెన్నులను ఏఱి, వానిని విత్తనమునకై వేఱుగా దాచును. మఱుసటి యేడు వానినే చల్లును. ఆ గింజ లోపల నేమి జరిగినదో వాడెఱుగడు. పంటను జూచి మేలైనదానిని నిలుపుకొనును. ఇట్లు తరతరములుగా జేయగా వంగడము బాగుపడును. ఈ రీతికి శాస్త్రజ్ఞులు పరిణామరీతి యని పేరిడిరి. పేరు ప్రాణులను గూర్చినదే యైనను, ఇచ్చట ప్రాణి యేదియు లేదు. ఉన్నవి కాగితముమీద వ్రాయదగిన యంకెలు మాత్రమే.

ఆ రీతి నడచు విధ మిట్టిది. ఒక చీటిమీద 13 అంకెలు వ్రాయుడు. అవి 13 అయస్కాంతముల మెట్లు. ఇట్టి చీట్లను నూఱింటిని తోచినట్లు వ్రాసి, ఒక్కొక్క చీటి ప్రకారము యంత్రము నమర్చి, ధార యెట్లున్నదో కొలిచి, చీటి వెనుక మార్కు వేయుడు. మార్కు హెచ్చుగా వచ్చిన చీట్లను నిలుపుకొనుడు. పిమ్మట వానిలో రెంటిని దీసి, ఒకదానినుండి కొన్ని యంకెలును, రెండవదానినుండి తక్కిన యంకెలును గ్రహించి క్రొత్త చీటిని వ్రాయుడు. ఒకానొక యంకెను పాచిక వేసి యించుక మార్చుడు. ఇట్లు పుట్టిన క్రొత్త నూఱు చీట్లే రెండవ తరము. వానినిగూడ బరీక్షింపుడు. ఇదే విధముగా మూడవ తరము, నాలుగవ తరము సాగును. ఒక చీటి కొన్ని అయస్కాంతముల విషయమున సరియై, వేఱొక చీటి తక్కినవాని విషయమున సరియై యుండవచ్చును. కలయికవలన ఆ రెండు మేళ్లును ఒక్కచోట జేరగలవు. పాచికవలన అదివఱ కెవ్వరును జూడని క్రొత్త చోటు కనబడగలదు. వ్రాయుటయు గుణించుటయు కంప్యూటరు చేయును గనుక మనుష్యునకు విసుగు లేదు.

ఇది పనిచేయునా యని మీరు సందేహింపవచ్చును. 1964లో బెర్లిను సాంకేతిక విద్యాపీఠమున ఇంగో రెఖెన్‌బెర్గ్ అను యువకుడు దీనికి చక్కని పరీక్ష చేసెను. హాన్స్ పాల్ ష్వెఫెల్, పీటర్ బీనర్ట్ అనువా రాయన తోడివారు. ఆఱు పలకలను ఐదు కీళ్లచే గలిపి, గాలి వీచు సొరంగములో నిలిపిరి. ఒక్కొక్క కీలు 51 కోణములలో నిలువగలదు. కావున 34 కోట్లకు మించిన యాకారములు సాధ్యములు. గాలికి దక్కువ యడ్డు కలిగించు నాకారమేది? తిన్నని పలకయే యని చిన్నపిల్లలకును దెలియును. అట్లు తెలిసిన యుత్తరమునే కోరి యెంచుకొని, ఏమియు దెలియని యీ రీతి దానిని జేరగలదా యని చూచిరి. వంకరటింకరగా మడచిన పలకతో నారంభించి, కీళ్లను యాదృచ్ఛికముగా గదపుచు, గాలి యడ్డు తగ్గినప్పుడెల్ల ఆ యాకారమును నిలుపుకొనుచు పోగా, 34 కోట్లలో మిక్కిలి స్వల్పభాగమును మాత్రమే చూచి, పలక యించుమించు తిన్ననయ్యెను. అమెరికాలో మిషిగను విద్యాపీఠాచార్యుడగు జాన్ హాలండ్ చీట్ల కలయికతో గూడిన రీతిని వేఱుగా వృద్ధిచేసి 1975లో గ్రంథరూపమున వెలువరించెను.

కణత్వరణయంత్రములవారు ఈ రీతిని మొదట నిర్మాణచిత్రములకే యెక్కువగా వాడిరి. ఏలయన, కంప్యూటరులో గల్పించిన యంత్రమునకు ఎంత చెడ్డ చీటి నిచ్చినను నష్టము లేదు. 2005లో కార్నెల్ విద్యాపీఠమునకు జెందిన ఐవన్ బాజరోవ్, చార్లెస్ సింక్లెయిర్ అనువారు ఎలక్ట్రానులను బుట్టించు నొక సాధనమును ఇరువదికి మించిన సవరణలతో నీ రీతిని రూపించి ప్రకటించిరి. అచ్చట కోరిక ఒక్కటి కాదు. గుంపులో ఎలక్ట్రానులు హెచ్చుగా నుండవలెను. గుంపు బిగువుగాను నుండవలెను. కాని ఒకే జాతి విద్యుత్తు గల కణములు పరస్పరము త్రోసికొనును గనుక, సంఖ్య హెచ్చినకొలది బిగువు సడలును. ఒక మేలు మఱియొక మేలునకు శత్రువు. ఇట్టిచోట మొదటి మార్కు ఎవరికి వేయవలెను?

ఎద్దుల సంతకు బోవు రైతు నడుగుడు. ఒక యెద్దు బలమైనది, వెల హెచ్చు. మఱొకటి బలమున దక్కువ, వెలయు దక్కువ. ఈ రెండును కొనదగినవే. కొనువాని యక్కఱను బట్టి యుండును. కాని బలమున దక్కువయై, వెల మాత్రము హెచ్చైన యెద్దును ఎవ్వడును గొనడు. ఈ న్యాయమునకు ఇటలీదేశపు అర్థశాస్త్రజ్ఞుడగు విల్‌ఫ్రెడో పరేటో పేరు నిలిచినది. దీనినే చీట్లకు బట్టించి, ఏ యితర చీటియు అన్ని విషయములలో నోడింపలేని చీట్లన్నింటిని మొదటి వరుసలో నిలిపెడి యొక గణనక్రమమును 2002లో కాన్‌పూరు ఐ.ఐ.టి. యందలి కల్యాణ్‌మోయ్ దేబ్ అను నాచార్యుడు సహచరులతో గూడి ప్రకటించెను. కాంతి నిచ్చు వలయయంత్రములను రూపించువారు పలుదేశములలో దాని నుపయోగించుట మనకు సంతోషకరము. అందొక సొగసు గలదు. ఒకే వరుసలోని చీట్లలో, తక్కినవానికి దూరముగా, ఒంటరిగా నున్న చీటికే యెక్కువ యాదరము. అందఱు ఒక్కచోట గుమిగూడినచో వెదకులాట నిలిచిపోవును గదా.

ఇక నిజమైన యంత్రముమీద ప్రయోగము. 2014లో స్పియర్-3 వారు, కంప్యూటరులోని బొమ్మమీద గాక, తిరుగుచున్న యంత్రముమీదనే యీ పరిణామరీతిని నడపి తమ ఫలితములను బ్రకటించిరి. ఇచ్చట ప్రతి చీటియు నిజముగా అయస్కాంతములలోనికి బోవును. చెడ్డ చీటి వచ్చినచో ధారయే జారిపోవచ్చును. కావున నింతకు మించి కదలరాదని ప్రతి అయస్కాంతమునకును హద్దు లేర్పఱుపవలెను. మఱియు కొలత యెప్పుడును నించుక వణకుచుండును. అదృష్టవశమున నొకమాఱు మంచి మార్కు పొందిన మామూలు చీటి తరతరములకు బెద్దయై కూర్చుండగలదు. మంచివాటిని మఱల మఱల కొలిచి చూచుటయే దీనికి మందు. అన్నింటికంటె ముఖ్యముగా కాలము స్వల్పము. పరిశోధకులు వెలుపల గాచుకొని యుందురు.

ఇప్పుడు ఈ కథలో మిక్కిలి తెలిసికొనదగిన సంగతికి వచ్చితిమి. ధార యెంత పలుచనైనదో స్పియర్-3లో నెట్లు కొలిచిరి? ఎలక్ట్రానులు నిమిషనిమిషమును ఎంత వేగముగా నశించుచున్నవో చూచి కొలిచిరి! ధార పలుచనై దట్టమైనకొలది, అందలి ఎలక్ట్రానులు పరస్పరము తాకి, కొన్ని వేగము హెచ్చి, కొన్ని తగ్గి, దారి తప్పి గొట్టపు గోడల పాలగును. దీనిని 1963లో గుర్తించిన బృందమునకు జెందిన బ్రూనో టూషెక్ పేరిట నిది పిలువబడును. కావున నష్టము హెచ్చిన ధార పలుచనైనదని యర్థము. నష్టమునకే మంచి మార్కు వేసిరి. వినుటకు వింతగా నున్నను ఇది తెలివైన కొలత. కాని ఆలోచింపుడు: ధార మొత్తముగా ప్రక్కకు జరిగి గోడను రాచుకొన్నను నష్టము హెచ్చును. అప్పుడును మార్కు హెచ్చును. గణనక్రమము సంతోషముతో ఆ చెడ్డ చీటికే పట్టము గట్టును. దానికి ధార యనిన నేమో తెలియదు, గోడ యనిన నేమో తెలియదు. తెలిసినది మార్కు మాత్రమే. ఆ మార్కునకు అర్థమేమో యెఱిగి, ధార స్థానమును వేఱుగా గనిపెట్టియుండుట మనుష్యుని పని.

ఈ రీతియే సర్వోత్తమ మని మేము చెప్పము. 2013లో అదే యంత్రముమీద, అవే 13 అయస్కాంతములతో, షియావ్‌బియావ్ హ్వాంగ్ అను శాస్త్రజ్ఞుడు తోడివారితో గూడి వేఱొక యుపాయమును జూపియుండెను. చక్కగా నెంచుకొన్న యొక దిక్కున గొన్ని యడుగులు వేసి, కొలతలోని వణకును లెక్కకు దెచ్చుకొని, మేలైన చోట నిలిచి, పిమ్మట మఱియొక దిక్కునకు దిరుగుట దాని పద్ధతి. కోరిన చోటికి దగ్గఱలోనే యున్నప్పుడు ఇట్టిది చాల దక్కువ పరీక్షలతో బని ముగించును. 2020లో అచ్చటివారే, గడచిన కొలతలనుండి యూహించి తరువాతి పరీక్షను నిర్ణయించు రీతిని మఱియొక యంత్రమునకు వాడి ప్రకటించిరి. త్రోవ యే దిక్కున నున్నదో యేమియు దెలియనపుడును, కోరికలు పెక్కులై పరస్పరము పోరాడునపుడును, పరిణామరీతికి బలము హెచ్చు. ఏ పనికి ఏ పనిముట్టో యెఱిగినవాడే నేర్పరి.

ఈ విషయమును జదువుచుండగా మా యుద్యోగమును గూర్చియే మాకొక తలంపు గలిగినది. కొన్ని సంవత్సరముల క్రిందట నొక ప్రదర్శనకు బాలుర నెంచవలసి వచ్చినపుడు, మేము మొదటి పరీక్షలోని మొత్తపు మార్కులను మాత్రమే జూచి పేర్లు వ్రాసితిమి. వెనుకబడిన వారిలో నొక బాలుడు చేతిపనిలో మిక్కిలి నేర్పరి యని, పాడైన విద్యుద్ఘంటను విప్పి బాగుచేయగలడని, ఆ సంవత్సరము ముగిసిన పిమ్మట గాని మా కెఱుకపడలేదు. వానిని మేమే మొదటి తరములోనే చీటి చింపి పాఱవేసితిమి. మార్కు తప్పు కాదు. మార్కునకు అర్థమేమో మఱచుట తప్పు. తమ పిల్లల నొక్క యంకెచే గొలిచి, ప్రక్కయింటి పిల్లలతో బోల్చెడి తల్లిదండ్రులును దీనిని మనస్సున నుంచుకొనవలెనని మా మనవి.

సూక్ష్మదర్శని వద్ద ప్రశ్న వేసిన బాలునకు మా యుత్తర మిది. నాయనా, ఇరువది మరలున్నప్పుడు ఒకటొకటిగా ద్రిప్పుట చాలదు. తోచినట్లు త్రిప్పుటయు చాలదు. పెక్కు విధముల బ్రయత్నింపుము. ప్రతి ప్రయత్నమును వ్రాసి యుంచుము. మేలైనవానిని గలుపుము, కొంచెము మార్చుము, మఱల కొలువుము. భిన్నముగా నున్నదానిని తొందరపడి విడువకుము. అన్నింటికంటె ముందు, నీవు కొలుచుచున్న దేమో, అది నీవు కోరుచున్నదేనా యని నిన్ను నీవే యడుగుము. తక్కిన పనియంతయు కంప్యూటరు నీకంటె వేగముగా జేయును; ఈ యొక్క ప్రశ్న మాత్రము అది వేయజాలదు.